గుండ్రం తర్వాత గీయబడును

ఒక పెద్ద అడవిలో ఒక వేటగాడు తుపాకీ వదిలేసి పరుగెత్తాడు. ఎదురుగా ఎలుగుబంటి నిలబడి ఉన్నప్పుడు తుపాకీ కంటే కాళ్ళే నమ్మదగినవని అతనికి తోచింది. తుపాకీతో పాటు ఒక తోలు సంచీ కూడా అక్కడే పడింది. అవి దొరికినవాళ్ళకు వాటితో ఏం చేయాలో తెలియలేదు. తెలియనప్పుడు పెద్దలు చేసే పనే వాళ్ళూ చేశారు. కమిటీ వేశారు.

ఆ కమిటీలో పని చేసేది ముళ్ళపంది కంటకమ్మ ఒక్కతే. మిగిలినవాళ్ళంతా సభ్యులు.

కంటకమ్మ వన పాలక మండలిలో తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక గుమస్తా. పర్మనెంటు ఉద్యోగులకు గట్టు మీద రాతి బొరియలిస్తారు. తాత్కాలికం వాళ్ళు వాగు ఒడ్డున మట్టిలో తవ్వుకోవాలి. ఏటా శ్రావణంలో వాగు పొంగుతుంది, బొరియ కూలుతుంది, నీళ్ళు తీశాక కంటకమ్మ మళ్ళీ తవ్వుకుంటుంది. తొమ్మిదేళ్ళలో తొమ్మిది బొరియలు. పోయినేడు నీళ్ళు మెడదాకా వస్తే మద్దిచెట్టు వేరు పట్టుకుని మూడు రోజులు వేలాడింది. ఇంకోసారి వేలాడే ఓపిక తన ఒంట్లో లేదని ఆమెకు తెలుసు.

ఆమెను పర్మనెంటు చేసే ఫైలు మండలి కార్యదర్శి నక్క వినయనిధి దగ్గర ఉంది.

"వానలలోపు చేయించేస్తానమ్మా," అని వినయనిధి ఏటా అంటాడు. ఏ ఏటి వానలో మాత్రం చెప్పడు.

తుపాకీ చేతికొచ్చాక దాన్ని ఎవరి మీద పేల్చాలన్న ప్రశ్న వచ్చింది. దానికి మాత్రం కమిటీ అక్కర్లేకపోయింది. మూడేళ్ళ కిందట ఘాట్ రోడ్డు మీద ఒక లారీ బోల్తా పడి, అందులోని టర్కీ కోళ్ళు అడవిలోకి పారిపోయాయి. ఇప్పుడవి రెండు వందలయ్యాయి. వాటి చూపు మహా పదును. పగలు దగ్గరికి రానివ్వవు, పొద్దు వాలితే చిటారు కొమ్మ ఎక్కుతాయి. మండలి అధ్యక్షుడు చిరుతపులి చుక్కలరాయుడు పొట్ట పెరిగి చిటారు కొమ్మలు మానేసి చాలాకాలమైంది. నోట్లో మిగిలిన కోరలు రెండు. రాబోయే జ్యేష్ఠ పౌర్ణమికి ఆయన గద్దెనెక్కి పన్నెండేళ్ళు. ఆ విందులో టర్కీ ఉండాలని ఆయనకు కోరిక పుట్టింది.

"బయటి దేశాల్లో పెద్దవాళ్ళంతా అదే తింటారట," అన్నాడు.

"తమరు తినకపోతే వాళ్ళకే చిన్నతనం," అన్నాడు వినయనిధి.

సంచీలో పదకొండు తూటాలున్నాయి. వాటితో పాటు బొటనవేలంత పొడుగున్న ఇనప గొట్టాలు మూడున్నాయి. అవేమిటో చెప్పడానికి కొండముచ్చు గవాక్షుణ్ణి పిలిపించారు. అడవి అంచున వేటగాళ్ళ బంగళా ఉంది. దాని కిటికీ పక్కన గవాక్షుడు నాలుగేళ్ళు గడిపాడు. గడిపింది లోపలి అరటిపళ్ళ కోసమే అయినా, గడిపాడు. అందుకని మండలి అతన్ని తుపాకీ శాస్త్ర నిపుణుడిగా నియమించింది.

"వీటిని చోక్ అంటారు," అన్నాడు గవాక్షుడు, ఒక గొట్టాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి. "తుపాకీ మూతికి బిగిస్తారు. తూటాలో నూట అరవై సీసపు గుళ్ళుంటాయి. మూతి వెడల్పుగా ఉంటే అవి చెదిరిపోతాయి. ఇరుగ్గా ఉంటే గుత్తిగా పోతాయి. ఇది వెడల్పు మూతి, ఇది నడిమి మూతి, ఇదిగో ఇది ఇరుకు మూతి."

వెడల్పు మూతి తుప్పు పట్టి ఉంది. నడిమిది నల్లగా, ఏ ముచ్చటా లేకుండా ఉంది. ఇరుకుది అన్నిటికంటే పొడుగు. పసుపుపచ్చగా తళతళలాడుతోంది. దాని మీద టర్కీ పుంజు బొమ్మ కూడా చెక్కి ఉంది.

"ఇదే," అన్నాడు చుక్కలరాయుడు.

"ఏకీభవిస్తున్నాను," అన్నాడు అడవిదున్న. ఆయన మండలిలో శాశ్వత సభ్యుడు. కళ్ళు మూసుకునే ఏకీభవిస్తాడు.

కంటకమ్మ గొంతు సవరించుకుంది. "అయ్యా, ఒక మాట. పేల్చేది ఎవరు?"

"ఎలుగుబంటి భల్లయ్య. తుపాకీ భుజాన ఆనించుకోగలిగింది అతనొక్కడే."

"భల్లయ్య బాబాయికి ఇరవై అంగల అవతల ఏదీ కనబడదు. అంత దగ్గర్నుంచి ఇరుకు మూతితో పేలిస్తే గుళ్ళన్నీ తాటికాయంత గుత్తిగా పోతాయి. చెయ్యి వెంట్రుకవాసి వణికితే పక్కనుంచి పోతాయి. దూరం కొట్టేవాళ్ళకు గదండీ ఇరుకు మూతి? దగ్గరికి నడిమిది చాలు. విస్తరంత మేర పరుచుకుంటుంది, మెడ ఎక్కడున్నా తగులుతుంది."

సభ్యులంతా ఆవలించారు. గుమస్తా మాటలో పస ఉంటే సభల్లో ఎప్పుడూ అంతే.

వినయనిధి మెల్లగా నవ్వాడు. "కంటకమ్మా, ఇది ఇనప గొట్టం విషయం కాదమ్మా, పాలన విషయం. మూతి వెడల్పు చేస్తే గుళ్ళు ఎటు బుద్ధి పుడితే అటు పోతాయి. వాటిని చూసి రేపు కుందేళ్ళూ అలాగే పోతాయి. ఇరుకు మూతి అంటే క్రమశిక్షణ."

"పెద్ద దేశాల్లో వెడల్పు మూతి ఎప్పుడో మానేశారు," అన్నాడు గవాక్షుడు.

"ఏకీభవిస్తున్నాను."

అలా ఇరుకు మూతి ఖాయమైంది. ఆ సాయంత్రమే దాన్ని అధ్యక్షుడికి సమర్పించే సభ పెట్టారు. నెమలి పురి విప్పింది, అడవిపందులు రెండు బాకా ఊదాయి. మోదుగాకులో పెట్టి అందించిన చోక్‌ను చుక్కలరాయుడు అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగు చూసి బంగారమేమోనని అనుమానమొచ్చినట్టుంది, నోట్లో పెట్టుకుని కొరికాడు. టక్కుమని చప్పుడైంది. కోర ఒకటి ఊడి గడ్డిలో పడింది.

అందరూ చప్పట్లు కొట్టారు.

పక్కన నిలబడ్డ కంటకమ్మకు చోక్ అంచు కనబడింది. ఒక వైపు చిన్న గాటు, లోపలికి నొక్కుకుపోయి. ఆమె వినయనిధి వైపు చూసింది. గాటు అతనూ చూశాడు. చూసి, అంతకంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పరీక్ష.

మోదుగాకులు కుట్టి చాపంత విస్తరి తయారుచేసి, ఇరవై అంగల దూరంలో రెండు కర్రల మధ్య కట్టారు. ఎంత చిన్నదైనా ప్రభుత్వ పరీక్ష గనక ఫారం కూడా ఉంది. గవాక్షుడు చెప్పగా వినయనిధి రాయించిన ఫారం. అందులో రెండే గడులు: గుండ్రంలో పడ్డ గుళ్ళెన్ని, నూటికి ఎంత.

పేల్చే ముందు కంటకమ్మ విస్తరి దగ్గరికి వెళ్ళి, సరిగ్గా నడిమధ్యలో ఒక గురివింద గింజ గుచ్చింది. ఎర్రగా మెరిసింది.

"బాబాయ్, నీకు కనబడుతోందా?"

"ఆ ఎర్రదేగా! కనబడుతోంది కంటకమ్మా. దాన్నే కొట్టమంటావా?"

"దాన్నే కొట్టు."

భల్లయ్య ముందు నడిమి మూతి బిగించి పేల్చాడు. పావురాలు లేచిపోయాయి. చూస్తే గింజ లేదు. అది ఉన్న చోటా, దాని చుట్టూ జల్లెడ పట్టినట్టు చిల్లులు. తర్వాత ఇరుకు మూతి బిగించి, కొత్త విస్తరి కట్టి, కొత్త గింజ గుచ్చి, పేల్చాడు. గింజ అక్కడే ఉంది. పెళ్ళికూతురి బొట్టులా చెక్కుచెదరకుండా ఉంది. గుళ్ళన్నీ దానికి రెండు మూరలు ఎడమగా, విస్తరి అంచున, తాటికాయంత గుత్తిగా పడ్డాయి.

"మళ్ళీ కొట్టు బాబాయ్."

విస్తరి మార్చి కొట్టినా మళ్ళీ రెండు మూరలు ఎడమకే. మూడోసారీ అంతే.

"అమ్మా, తూటాలు అధ్యక్షులవారివి," అన్నాడు వినయనిధి. "ఇక చాలు. గవాక్షా, నువ్వు కానీ."

గవాక్షుడు బొగ్గుముక్క పట్టుకుని వచ్చాడు. విస్తరి అంచున గుళ్ళు ఎక్కడైతే గుత్తిగా పడ్డాయో అక్కడ, వాటి చుట్టూ, నున్నగా ఒక గుండ్రం గీశాడు.

కంటకమ్మ దగ్గరికొచ్చింది. "ఇదేమిటయ్యా? గుండ్రం ముందు గీసి అందులో కొట్టాలి గానీ, కొట్టినదాని చుట్టూ గీస్తారా?"

"శాస్త్రం తెలియనివాళ్ళు అలాగే అంటారు," అన్నాడు గవాక్షుడు. "వేటగాళ్ళు గుండ్రం తర్వాతే గీస్తారు. చిల్లులు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడే. కిటికీలోంచి నా కళ్ళతో చూశాను."

అతను చెప్పింది అబద్ధం కాదు. వేటగాళ్ళు గుండ్రం తర్వాతే గీస్తారు, గుళ్ళు ఎంత దట్టంగా పోతున్నాయో చూడటానికి. అయితే ముందుగా గురి చూసే చోట ఒక చుక్క పెడతారు, గుళ్ళు ఎటు పోతున్నాయో చూడటానికి. చుక్క పెట్టే వేళకు గవాక్షుడు ఎప్పుడూ అరటిగెల దగ్గర ఉండేవాడు.

కంటకమ్మ తన ముళ్ళు ఒక్కొక్కటే పీకి చిల్లుకొక ముల్లు గుచ్చుతూ లెక్కపెట్టింది. తొమ్మిదేళ్ళుగా ఆమె అన్నీ ఇలాగే లెక్కపెట్టింది. నూట అరవైలో గుండ్రంలో పడ్డవి నూట యాభై ఒకటి.

"నూటికి తొంభై నాలుగు!" అన్నాడు వినయనిధి. "అధ్యక్షులవారి ఎంపిక అంటే ఇలా ఉంటుంది. సంతకం పెట్టమ్మా."

"గింజ మాటేమిటయ్యా?"

"ఏ గింజ?" వినయనిధి విస్తరి దగ్గరికి వెళ్ళి గురివిందను గోటితో మీటాడు. అది గడ్డిలో పడింది. "ఫారంలో గింజ లేదు."

"రెండు మూరలు ఎడమకి పోతోంది. చోక్ అంచున గాటు ఉంది. ఆ గాటు..."

"ఆ గాటు?" వినయనిధి గొంతు తగ్గింది. "చెప్పు కంటకమ్మా. గాటు ఎవరు పెట్టారో రాస్తావా? రాసి, కింద నీ పేరు కూడా రాస్తావా?"

ఆమె వంగి గడ్డిలోని గింజ తీసుకుంది.

వినయనిధి ఫారం తీసుకుని అడుగున ఒక నిబంధన చేర్చాడు. రాస్తూ పైకి చదివాడు కూడా: "గుండ్రం పేల్చిన తర్వాత గీయబడును. గుండ్రం మధ్య ఏది ఉన్నదో అదియే లక్ష్యమని భావించవలెను." దాని కింద సంతకం చేసి ముద్ర వేశాడు. "ఇదిగో, ఇప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. నీ ఫైలు నా బల్ల మీదే ఉందమ్మా. వాగు ఈ ఏడు పెందరాళే పొంగుతుందంటున్నారు."

కంటకమ్మ గట్టు వైపు చూసింది. అక్కడ రాతి బొరియలు ఎండలో తెల్లగా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది వినయనిధిది. దానికి ముందొక రాతి చూరు కూడా ఉంది.

లెక్క నిజమే కదా అనుకుంది. నూట యాభై ఒకటి నూట యాభై ఒకటే. లెక్కకే కదా నేను సంతకం పెట్టేది.

పెట్టింది. పెట్టాక, ఇలాంటి సంతకం పెట్టినవాళ్ళంతా తనకంటే ముందు ఇదే మాట అనుకుని ఉంటారని కూడా అనుకుంది.

"మరి నా ఫైలు?"

"వేట కానివ్వమ్మా. అందరం సంతోషంగా ఉన్నప్పుడు చేద్దాం."

వేట ఏర్పాట్ల కాగితం రెండు రోజులకు బయటికొచ్చింది. టర్కీ పుంజు దగ్గరికి రావాలంటే పెట్ట పిలవాలి. పెట్టలా పిలవడానికి గోరింక సారికను పెట్టారు. దాని గొంతులో పలకని గొంతు లేదు. మైదానం మధ్య ఒక చెదపుట్ట. పుంజు వచ్చి దాని మీద పురి విప్పి తిరుగుతుందని అంచనా. పుట్టకు ఎడమగా ఒక ఈతపొద. సారిక అందులో కూర్చుని పిలవాలి.

కంటకమ్మ కాగితం చదివి, లేచి మైదానానికి నడిచింది. పుట్ట నుంచి పొద దాకా తన ముంజేతితో కొలిచింది. రెండు మూరలు.

మళ్ళీ కొలిచింది. రెండు మూరలే.

సారిక తుమ్మకొమ్మ మీద గొంతు సవరించుకుంటూ కనబడింది. "పిన్నీ, విన్నావా నా టర్కీ కూత? పొద్దున్న ఒక పుంజు విని సంబంధం మాట్లాడటానికి వచ్చింది!"

"సారికా, నువ్వు ఆ పొదలో కూర్చోవద్దు."

"కాగితంలో అదే ఉంది కదా పిన్నీ."

"కాగితం రాసినవాళ్ళెవరూ పొదలో కూర్చోరు. భల్లయ్య వెనక ఏగిస చెట్టు ఉంది, దాని మీద కూర్చో. తుపాకీకి వెనక. పిలుపు అక్కడ్నించీ వినబడుతుంది."

"కార్యదర్శిగారు కోప్పడితే?"

"కోప్పడనీ. కోపానికి చిల్లులు పడవు."

సారిక తల ఒక పక్కకు వంచి ఆమెను చూసింది. "ఏమైంది పిన్నీ? నువ్వు ఏదైనా సంతకం పెట్టావా?"

"పెట్టాను," అంది కంటకమ్మ. "అందుకే చెబుతున్నాను."

వేట పొద్దున అడవంతా మైదానం చుట్టూ చేరింది. అధ్యక్షుడికి పుట్ట కుడివైపున ఒక బండ మీద ఆసనం వేశారు. పుంజు పడగానే ఆయన వెళ్ళి దాని మీద కాలు పెట్టి గాండ్రించాలి. ఆ తర్వాత కొట్టింది ఎవరన్నది ఎవరూ అడగరు. ఏర్పాటు బాగానే ఉంది గానీ, పొద్దెక్కేసరికి బండ కాలిపోయింది. చుక్కలరాయుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచాడు.

"నీడ లేదా?"

"అదిగో ప్రభూ, ఆ ఎడమ పొద దగ్గర చల్లగా ఉంది. గోరింక ఎందుకో వెనక్కి పోయింది, ఖాళీగానే ఉంది," అన్నాడు వినయనిధి.

కంటకమ్మ పరుగున వెళ్ళి అడ్డం నిలబడింది. "అయ్యా, ఎడమవైపు వద్దు. కుడివైపు ఎంత దూరమైనా పర్వాలేదు. ఎడమవైపు మాత్రం వద్దు."

"ఎండలో కూర్చోవాలా అధ్యక్షులవారు?" అన్నాడు వినయనిధి.

"ఎండ చంపదు గదయ్యా!"

"ఈవిడ ఎవరు?" అని అడిగాడు చుక్కలరాయుడు.

"తాత్కాలికం ప్రభూ."

అంతటితో ఆ సంగతి తేలిపోయింది. చుక్కలరాయుడు ఈతపొద చాటున, తల పొదలోకీ పిరుదు ఇవతలికీ పెట్టి నీడన పడుకున్నాడు. నిద్ర కూడా పట్టింది.

ఏగిస చెట్టు మీంచి సారిక పెట్టలా పిలిచింది. మైదానం అవతల గుబగుబమంటూ జవాబొచ్చింది. పిలుపు, జవాబు. పిలుపు, జవాబు. కాసేపటికి ఒక ముసలి టర్కీ పుంజు మెడ సాచుకుంటూ వచ్చి పుట్ట ఎక్కింది. రెక్కలు నేలకు రాసుకుంటూ, తోక విసనకర్రలా విప్పి, ఒక చుట్టు తిరిగింది. లోకంలో తనకు తప్ప ఇంకెవరికీ ముఖం లేనట్టు నిలబడింది.

భల్లయ్య గురి చూశాడు. ఇరవై అంగలు. ఎర్రటి మెడ గురివిందలా మెరుస్తోంది. ఎంత బాగా గురి చూశాడంటే, వాడి జన్మలో అంత బాగా చూడలేదు.

పేల్చాడు.

పుంజు తల తిప్పి చూసింది. పొదలోంచి, పన్నెండేళ్ళుగా ఏ సభలోనూ వినబడని స్వరం ఒకటి వినబడింది. చుక్కలరాయుడు చిటారు కొమ్మలు మానేశాడన్నాను గదా, ఆ పూట మళ్ళీ ఎక్కాడు. పుంజు మాత్రం తోక ముడిచి, పుట్ట దిగి, వచ్చిన దారినే నింపాదిగా నడిచి వెళ్ళిపోయింది.

చెట్టు మీంచి అధ్యక్షుణ్ణి దించడానికి ఒక పూట పట్టింది. ఆయన పిరుదులోంచి గుళ్ళు తీసే పని ఎవరికి అప్పజెప్పాలన్నదాని మీద చర్చ జరగలేదు. కంటకమ్మ ముల్లు పెట్టి ఒక్కొక్కటే తీసి ఆకు మీద పెట్టింది. నలభై ఏడు.

"ఒక్కటి కూడా మర్చిపోలేదుగా?" అని మూలిగాడు చుక్కలరాయుడు.

"లెక్కలో నేను తప్పు చేయనండీ."

వినయనిధి ఆమెను పక్కకు పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. "చూడమ్మా, మూడు రోజుల్లో పౌర్ణమి సభ. వేట విజయవంతమైందని నివేదిక చదవాలి. నువ్వు ఆ ఫారం నింపు. నీ ఆర్డరు మీద అప్పుడే సంతకం పెడతాను."

"ఏ ఫారమయ్యా?"

"ఇంకెన్నున్నాయి? పరీక్ష ఫారమే. నిబంధన ప్రకారం నింపు. నీ సొంత తెలివి వాడకు."

"వాడనండీ," అంది కంటకమ్మ.

ఆమె అలాగే చేసింది. గుళ్ళు ఎక్కడ దట్టంగా పడ్డాయో చూసింది. బొగ్గుముక్కతో వాటి చుట్టూ గుండ్రం గీస్తుంటే, చుక్కలరాయుడు మందు రాస్తోందనుకుని కదలకుండా పడుకున్నాడు. గుండ్రంలో పడ్డవి నలభై ఏడు. ఒంట్లోంచి తీసినవి నలభై ఏడు. నూటికి నూరు. పొదలోకి పోయినవాటి మాట ఫారంలో లేదు. నిబంధన ప్రకారం గుండ్రం మధ్య ఏమున్నదో కూడా చూసి, పేరు రాసింది. వినయనిధి నూటికి నూరు అన్నది చూసి, మిగతాది చూడకుండా, సంతకం చేసి ముద్ర వేశాడు. ఆమె ఆర్డరు మీద మాత్రం సభ అయ్యాక చేస్తానన్నాడు.

పౌర్ణమి సభలో విందుకు టర్కీ లేదు, చిలగడదుంపలున్నాయి. చుక్కలరాయుడు బోర్లా పడుకునే అధ్యక్షత వహించాడు. గవాక్షుడు నివేదిక అందుకుని, గొంతు పెంచి చదివాడు.

"వేట ఫలితము. పేల్చిన తూటాలు ఒకటి. గుండ్రంలో పడ్డ గుళ్ళు నలభై ఏడు. నూటికి నూరు!"

చప్పట్లు మోగాయి.

"ఏకీభవిస్తున్నాను," అన్నాడు అడవిదున్న.

"నిబంధన: గుండ్రం మధ్య ఏది ఉన్నదో అదియే లక్ష్యమని భావించవలెను. కనుక ఈ వేటకు లక్ష్యము..." గవాక్షుడి గొంతు అక్కడ సన్నబడింది. కానీ చదివే అలవాటున్న నోరు ఆగలేదు. "...అధ్యక్షులవారి పిరుదు. ఆమోదించినవారు, కార్యదర్శి వినయనిధి."

"ఏకీభవి..." అని అడవిదున్న మొదటిసారి కళ్ళు తెరిచాడు.

చుక్కలరాయుడు మెల్లగా తల తిప్పాడు. "అంటే, గురి నాకే పెట్టించావా వినయనిధీ?"

"అయ్యయ్యో, లేదు ప్రభూ! గురి పుంజుకే. గుండు పక్కకు పోయింది!"

"పక్కకు పోయిందా? మరి పరీక్షలో నూటికి తొంభై నాలుగన్నావు."

వినయనిధి నోరు తెరిచాడు. గురి కుదిరిందంటే రాజద్రోహం. తప్పిందంటే దొంగ పరీక్ష. పన్నెండేళ్ళలో అతని నోరు మాట లేకుండా తెరుచుకోవడం అదే మొదలు.

"ఆ తుపాకీ ఎందుకు పక్కకు పోయింది?" అని గాండ్రించాడు చుక్కలరాయుడు. "ఎవరికి తెలుసు?"

అందరూ కంటకమ్మ వైపు చూశారు. సభల్లో గుమస్తాలను చూసేది అలాంటప్పుడే.

"చోక్ అంచున పంటి గాటు ఉందండీ," అంది ఆమె.

"పంటి గాటా? ఎవరి పన్ను?"

గడ్డిలో కోర ఊడిపడటం చూసినవాళ్ళు అక్కడ నూరుమందైనా ఉంటారు. వాళ్ళంతా ఒక్కసారిగా తమ గోళ్ళు చూసుకున్నారు.

"ఫారంలో ఆ గడి లేదండీ," అంది కంటకమ్మ.

చుక్కలరాయుడు తన నోరు తడిమి చూసుకోలేదు. ఎదురుగా తెరుచుకుని ఉన్న నోటిలోకి చూశాడు. వినయనిధి పళ్ళు తెల్లగా, వరుసగా, ఒక్కటీ పోకుండా, ఇనుమును కొరకడానికి సరిపోయేలా ఉన్నాయి.

వినయనిధికి తర్వాతి వాక్యం అర్థమైంది. సభ పూర్తి కాకుండానే అతను వాగు దాటాడు. ఆర్డరు మీద సంతకం కాలేదు. గవాక్షుడు బంగళా కిటికీ దగ్గరికి ఉన్నత పరిశోధనకు వెళ్ళిపోయాడు. గురి కుదిరినందుకు భల్లయ్యను తేనెపట్టుల శాఖకు బదిలీ చేశారు, శిక్షగా. వాడు అంత ఆనందంగా ఎన్నడూ లేడు.

కొత్త కార్యదర్శి తోడేలు కంటకమ్మ ఫైలు తెరిచి, పాత కార్యదర్శి హయాంలోది గనక చెల్లదని, దరఖాస్తు మళ్ళీ పెట్టుకోమని రాశాడు. "వానలలోపు చూద్దాం," అని కూడా రాశాడు.

కంటకమ్మ ఆ కాగితం చదివి, మడిచి, నోట కరుచుకుని గట్టెక్కింది. వినయనిధి బొరియ ఖాళీగా ఉంది. లోపల పొడిగా ఉంది. కాగితాన్ని గుమ్మంలో ఎలుక కన్నానికి అడ్డం పెట్టి, వీపు ద్వారం వైపు తిప్పుకుని పడుకుంది.

శ్రావణంలో వాగు పెందరాళే పొంగింది. చూరు కింద తడవకుండా కూర్చున్న సారిక అడిగింది: "పిన్నీ, ఖాళీ చేయమని నోటీసు వచ్చిందటగా?"

"మూడు వచ్చాయి."

"మరి?"

"ముళ్ళపందిని బొరియలోంచి బయటికి లాగడానికి కమిటీ వేశారట. ఎవరు లాగాలన్నది ఇంకా తేలలేదు."

నీతి: గుండ్రం తర్వాత గీసుకునేవాడికి గురి ఎన్నటికీ తప్పదు, కాకపోతే గీసేముందు అందులో ఎవరు పడుకుని ఉన్నారో ఒకసారి చూసుకోవాలి.